జీరకు కొట్టిన చప్పట్లు

నా తెలివితక్కువ పనులు వరసపెట్టి చెప్పుకుంటూ పోతే ఈ పత్రిక పేజీలు చాలవు. అన్నిట్లోకీ పెద్దది మాత్రం ఒకటుంది. నేనొక జబ్బుకు అభిమానినయ్యాను. ఊరికే అవడం కాదు, సంఘం పెట్టి, లెటర్‌ప్యాడ్ అచ్చు వేయించి, మరో నలుగురితో కలిసి మరీ అయ్యాను. జబ్బని తెలియక చేశానని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు. తెలిసింది. తెలిసిన తర్వాత కూడా చప్పట్లు కొట్టాను.

తొంభైల చివర్లో మాట. మాదాపూర్ వైపు అప్పటికింకా భవనాలు తక్కువ, బండలు ఎక్కువ. మా కంపెనీ ఒక డాబా ఇంటి పై అంతస్తులో ఉండేది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి లోకం ఆగిపోతుందని అందరూ భయపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో తారీఖులు ఎక్కడ తప్పుతాయో వెతకడం నా ఉద్యోగం. అంటే, రాబోయే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడానికి నాకు జీతమిచ్చేవాళ్ళన్న మాట. కోస్తా నుంచి వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో గది తీసుకున్నాను. రోజూ అక్కణ్ణించి వెళ్ళి ఆ పసిగట్టే పని చేసేవాణ్ణి.

మధ్యాహ్నం పూట మా ఆఫీసు వెనక బండలు పేల్చేవాళ్ళు. ముందు హెచ్చరికగా సీటీ ఊదేవాళ్ళు. ఒకతను ఎర్రజెండా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడేవాడు. స్కూటర్లు, బస్సులు ఎక్కడివక్కడ ఆగేవి. తర్వాత నేల కిందినుంచి ఒక్క కుదుపు. మా కిటికీ అద్దాలు పళ్ళు కొరికేవి. కాసేపటికి తెల్లటి పొడి మెల్లగా వచ్చి మా అన్నం డబ్బాల మీద వాలేది. పేలుడు అయిపోయాక పిట్ట కూడా అరవని నిశ్శబ్దం కొంచెంసేపు ఉండేది. ఆ నిశ్శబ్దంలోనే మొదటిసారి అతని పాట విన్నాను.

మందుగుండు కూరడానికి బండకు మిషన్‌తో రంధ్రాలు వేసే పని అతనిది. ఇరవై మూడో, ఇరవై నాలుగో ఏళ్ళుంటాయి. తలకూ ముక్కుకూ కలిపి ఒకే ఎర్ర తువ్వాలు చుట్టుకునేవాడు. భోజనాలయ్యాక పాత గిటారొకటి తీసేవాడు. తోటి పనివాళ్ళలో ఒకడు డప్పు, ఇంకొకడు ఖాళీ డీజిల్ డబ్బా. వాళ్ళమ్మ రాళ్ళు కొడుతూ పాడిన పాటల్ని ఆ గిటారు తీగల మీదికి ఎక్కించాడు. దీన్ని ఫోక్ రాక్ అంటారని మా ఆఫీసులో ఒకతను వివరించాడు. ఫోక్ సంగతేమో గానీ, రాక్ గురించి అతనికి మనం చెప్పక్కర్లేదు, పొద్దుటినుంచీ దాన్నే తొలుస్తున్నాడు అన్నాను.

ఆ గొంతు ఎలా ఉండేదో చెప్పాలి. పాట పైకి పోయినప్పుడు ఒకచోట సన్నగా జీరపోయేది. కొత్త బట్ట చింపినట్టు ఉండేది. అక్కడ నా ఒళ్ళు జలదరించేది. ఆ తర్వాత అతనికి రెండు దగ్గులు వచ్చేవి. పాటలో అవి కూడా భాగమేనేమో అనుకున్నాను.

ఫోక్ రాక్ వివరించినతను మూసాపేటవాడు. వాళ్ళ నాన్నకు టెంట్‌హౌస్ ఉండేది. షామియానాలు, కుర్చీలు, మైకుసెట్టు అన్నీ ఇంట్లోనే. కాబట్టి అభిమాన సంఘానికి అతనే అధ్యక్షుడు. మొత్తం ఐదుగురం, ఐదు పదవులు. సభ్యుడంటూ ఒక్కడూ లేడు. ప్రచార కార్యదర్శి అని నా పేరు కింద అచ్చయింది. కాబట్టి కరపత్రం రాశాను. ‘ఈ గొంతులో రాతి ధూళి ఉంది. ఈ జీరలోనే ఈ నేల జీవం ఉంది’ అని రాశాను. జీర, జీవం ప్రాస కుదిరిందని రెండు రోజులు నన్ను నేను మెచ్చుకున్నాను. అధ్యక్షుడు దాన్ని కత్తిరించి ‘జీరలోనే జీవం’ అని బ్యానరు కట్టించాడు.

మూసాపేట ఫంక్షన్ హాల్లో ఆదివారాలు, లింగంపల్లిలో ఒకసారి, కూకట్‌పల్లిలో రెండుసార్లు పాటలు పెట్టాం. జనం పెరిగారు. క్యాసెట్ల నుంచి క్యాసెట్లకు పాటలు ఎక్కాయి. కొన్నాళ్ళకు జనం పాట వినడం మానేసి జీర కోసం కాచుకోవడం మొదలుపెట్టారు. ఆ చోటు దగ్గరపడుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టేది. జీర రాగానే ఈలలు. అతని చొక్కా భుజాలు మెల్లమెల్లగా కిందికి జారుతున్నాయని, బెల్టుకు లోపలివైపు కొత్త రంధ్రం పడిందని ఇప్పుడు గుర్తొస్తున్నాయి. అప్పుడవి కళాకారుడి లక్షణాల్లా కనిపించాయి.

ఒకసారి పది రోజులు పని మానేసి లింగంపల్లిలో వాళ్ళక్క ఇంట్లో ఉండి వచ్చాడు. ఆ ఆదివారం గొంతు కాస్త తేటగా ఉంది. రెండో పాట అయ్యేసరికి వెనక కుర్చీల్లోంచి ఒకడు అడిగాడు.

“ఏందన్నా, గొంతుకేమైంది? సాఫ్ అయింది?”

హాలు నవ్వింది. అతను మా ఐదుగురి వైపు చూశాడు. తర్వాతి పాటలో మెడ నరాలు ఉబ్బేదాకా బలవంతంగా లాగి జీర తెచ్చాడు. ముందు చప్పట్లు కొట్టింది నేనే.

మరో నెలకు, మధ్యాహ్నం సీటీ ఊదాక అతనూ నేనూ చాయ్ బండి దగ్గర ఆగిపోయి ఉన్నప్పుడు, జేబులోంచి దవాఖాన చీటీ తీసి నా చేతిలో పెట్టాడు.

“ఇంగ్లీషుల రాసిండు. జర సదివి చెప్పన్నా.”

చదివాను. “టీబీ అని రాశారు. ఊపిరితిత్తుల్లోంచి గొంతుకు కూడా పాకిందట. ఆరు నెలలు మాత్రలు మానకూడదు. దుమ్ములో పని చేయకూడదు. పాడకూడదు.”

“నోటితోటి గూడ గట్లనే చెప్పిండు. ఆరు నెలలు నోరు మూసుకొని గోలీలేసుకుంటే మొత్తం నయమైతదట. లేకుంటే నడవదన్నడు.”

“మంచిదే కదయ్యా.”

“మొత్తమంటే, జీర గూడ పోతదా అన్నా?”

“అదీ పోతుందేమో.”

“గదే ఫికరైతున్నది.” నవ్వాడు. “నువ్వు రాసిన కాయితం మా అక్క బిడ్డ సదివింది. జీరలనే జీవమున్నదట గద.”

అప్పుడే బండ పేలింది. కాళ్ళ కింద నేల కదిలింది. ఇద్దరం కళ్ళు మూసుకుని దుమ్ము దాటిపోయేదాకా ఉన్నాం. కళ్ళు తెరిచాక చెప్పాల్సిన మాట ఒకటుంది. అది ప్రాస కోసం రాసిన మాట, నమ్మకు అని చెప్పాలి. అది చెప్పకుండా, ముందు మాత్రలు మొదలుపెట్టు, తర్వాత చూద్దాం అన్నాను.

అధ్యక్షుడికి చెబితే అతను నిజంగానే బాధపడ్డాడు. కానీ మాదాపూర్‌లో అప్పుడే లేచిన కొత్త భవనం దగ్గర మైదానంలో సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళ పెద్ద కార్యక్రమం రెండున్నర నెలల్లో ఉంది. అందులో మన పాట ఖాయమైంది.

“గదొక్కటి అయిపోనియ్ తమ్మీ,” అని పాటగాడితో అన్నాడు. “తర్వాత ఆరు నెలలు గాదు, ఏడాది పండుకో. నిన్నెవడు లేపుతడు?”

అతను మాత్రలు వేసుకున్నాడు. మిషన్ పని మానేసి కొత్త భవనం గేటు దగ్గర కాపలాకు చేరాడు. నెలన్నరకు బుగ్గలు పూడాయి, దగ్గు తగ్గింది. దాంతోపాటే గొంతులో జీర కూడా తగ్గుతూ వచ్చింది. టెంట్‌హౌస్ వెనక షెడ్డులో సాధన చేస్తుంటే అధ్యక్షుడి మొహం వాడిపోయింది.

“గిట్ల పాడితే రేడియోల వార్తలు సదివినట్టున్నది తమ్మీ.”

అతను నా వైపు చూశాడు. నేను మర్యాదస్తుణ్ణి, మెత్తగా మాట్లాడతాను. “కావలసిన చోట కాస్త జీర తెప్పించుకోకూడదూ?” అన్నాను. కిరాణా కొట్టునుంచి బెల్లం తెప్పించుకోమన్నట్టు.

తెప్పించుకున్నాడు. కార్యక్రమం ఇంకా కొన్ని రోజులుందనగా జీర తిరిగి వచ్చింది, ముందుకన్నా చిక్కగా. సంఘం సంబరపడింది. ఆ సాయంత్రం అతని గిటారు వేదిక మీదికి మోసుకెళ్ళింది నేనే. కవరు పక్క జేబులో ఏదో గరగరమంది. జిప్పు తీసి చూస్తే మాత్రల అట్టలు. వాటిలోంచి ఒక్క మాత్రా తీసి లేదు.

గొంతు తేటపడుతోందని మాత్రలు మానేశాడు. దీనికి అర్థం వెతకడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు, నాది కూడా చాలింది. జిప్పు మూసేశాను. ఎదురుగా మైదానం నిండా జనం, పక్కన అధ్యక్షుడు వేళ్ళు చూపిస్తున్నాడు, ఐదు, నాలుగు, మూడు. అయిపోయాక అడుగుదాం అనుకున్నాను.

అలాంటి పాట మళ్ళీ వినలేదు. రెండో పాట మధ్యలో మైకుకు వీపు తిప్పి తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. తువ్వాలు ఎర్రది కావడం వల్ల ఎవరికీ ఏమీ కనిపించలేదు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. నావి కూడా.

వానలు పడే నాటికి దవాఖానలో చేరాడు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికెత్తి, మళ్ళీ అవే మందులు వేసినా మాట వినదని డాక్టరు వాళ్ళక్కతో చెప్పాడట. నేను చూడటానికి వెళ్ళినప్పుడు దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. చెవి దగ్గర పెడితే గాని వినిపించలేదు.

“ఇప్పుడు మొత్తం జీరనే అన్నా.”

హాస్యమాడాడో, నిందించాడో తెలియదు. ఏదైనా తీసుకోవలసినవాణ్ణే. వారం తిరక్కుండా పోయాడు.

పోయాక అభిమానులు రెట్టింపయ్యారు. మూసాపేటలో, కూకట్‌పల్లిలో కుర్రాళ్ళు జీర కోసం సాధన మొదలుపెట్టారు. ఐసునీళ్ళు తాగి గుట్టల మీదికెక్కి అరిచేవాళ్ళట. నెల మాసికం నాడు ఫంక్షన్ హాల్లో సంస్మరణ సభ పెట్టాలని సంఘం తీర్మానించింది. అందులో పాడటానికి ఆ అరిచేవాళ్ళలో ఒకణ్ణి అధ్యక్షుడు ఎంపిక చేశాడు. “కండ్లు మూసుకొని ఇను, అచ్చం మనోడే,” అన్నాడు. కళ్ళు మూసుకోలేకపోయాను. సభలో అధ్యక్షుడు చదివే ప్రసంగం రాసే పని మళ్ళీ నాకే పడింది. రాశాను. మొదటి పేజీ అంతా ఆ గొంతు గొప్పతనమే. అలవాటైన చెయ్యి.

సభకు రెండు రోజుల ముందు వాళ్ళక్క మా ఆఫీసుకు వచ్చింది. మెట్ల దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

“కాయితం రాసింది నువ్వేనా సారూ?”

“నేనేనండి.”

“మంచిగ రాసినవ్.” కొంగు ముడి విప్పి క్యాసెట్ తీసింది. “మిషన్ పనికి పోకముందు, బోనాలప్పుడు ఇంట్ల టేపుల పట్టింది గిది. ఒక్కపారి ఇను. మీటింగుల గూడ ఎయ్యి.”

“తప్పకుండా వేస్తానక్కా.”

“మా తమ్ముని గొంతు గిది. మీరు ఇన్నది దగ్గు.”

గొంతు పెంచకుండా చెప్పి మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం గదిలో విన్నాను. మేం వందసార్లు విన్న పాటే. తేటగా, ఎక్కడా తడబడకుండా పైకి పోయింది. జీర రావలసిన చోటు దగ్గరపడింది. నేను కాచుకున్నాను. రాలేదు. ఆ క్షణం నాకు కలిగింది నిరాశ. అది నిరాశేనని గుర్తుపట్టాక టేపు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచీ పెట్టాను.

సభ రోజు హాలు నిండింది. అక్క వెనక వరసలో కూర్చుంది. మైకుసెట్టు దగ్గర నేనున్నాను. కార్యక్రమం ప్రకారం ముందు అతని పాటొకటి వినిపించాలి, ఆ తర్వాత ప్రసంగం, ఆపైన ఐసునీళ్ళ కుర్రాడి పాట. ఏం చెప్పకుండా అక్క ఇచ్చిన క్యాసెట్ పెట్టాను.

ఒక నిమిషం ఓపిక పట్టారు. తర్వాత కుర్చీలు కదిలాయి.

“ఎవడు బై గీడు?”

“మనోని పాట ఖరాబ్ చేస్తుండు, బంద్ చెయ్యిండ్రి.”

ఎవడో ఈల వేశాడు, మెచ్చుకునే ఈల కాదు. అధ్యక్షుడు వంగి నా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, గిదెవని క్యాసెట్? పరేషాన్ చెయ్యకు, తియ్యి.”

బటన్ల మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన ధైర్యం అంతే. పాట చివరిదాకా నడిచింది. గోలలో చివరి చరణం నాకూ వినిపించలేదు. వెనక వరసలో అక్క కదలకుండా వింటోంది. వ్యాఖ్యాత ప్రసంగానికి అధ్యక్షుణ్ణి పిలిచాడు. అతను కాగితం విప్పి వేదిక మెట్టెక్కబోతుంటే చెవిలో చెప్పాను, అది ఎవరి గొంతో.

మైకు ముందు నిలబడి కాగితం చూశాడు, నన్ను చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “రెండు నిమిషాలు అందరం లేచి మౌనంగ నిలబడదాం,” అన్నాడు. అతని ప్రసంగాల్లో నాకు నచ్చింది అదొక్కటే. నేను రాయలేదు కదా.

సభ అయ్యాక కుర్చీలు మడుస్తుంటే మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అన్నా, ఆ క్యాసెట్‌కు ఒక కాపీ ఇయ్యవా? గది మనోని అసలు గొంతని చెప్తే పిలగాండ్లందరు అడుగుతున్నరు.”

“అక్క తీసుకెళ్ళిపోయిందండి,” అన్నాను.

“మల్ల ఇస్తదంటవా?”

“ఇవ్వదేమోనండి.”

అతను తలూపి షామియానా తాళ్ళు విప్పడానికి వెళ్ళాడు. ఆమె లింగంపల్లి బస్సెక్కి అప్పటికి అరగంటయింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆమె చేతికిచ్చేదాకా క్యాసెట్ నా చొక్కా జేబులోనే ఉంది.