ఎర్రర్‌ను చదవడం నేర్పిన సార్

మంగళవారం ఉదయం పదకొండు దాటింది. రాయదుర్గంలో మా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక కాల్‌లో కూర్చున్నాను. కొత్తగా తెచ్చిన సర్వర్‌లోని హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్‌కు కనెక్ట్ కాలేక ఆరుగురం గంటన్నరగా తన్నుకులాడుతున్నాం. అప్పుడు ఫోన్‌లో మా పాత బ్యాచ్ గ్రూపు మెసేజ్ కనపడింది. 'మన ల్యాబ్ సార్ పొద్దున పోయారు. నిద్రలోనే గుండె ఆగిందట.'

నేను కాల్ వదిలి లేవలేదు. ఆ సంగతి దాచుకోకూడదు. ఇంకో నలభై నిమిషాలు అక్కడే ఉండి అడిగినవాటికి జవాబులు చెప్పాను. తర్వాత వాష్‌రూమ్‌కు వెళ్లి ముఖం కడుక్కున్నాను. ఏడుపు రాలేదు. తిరిగి వచ్చి సీట్లో కూర్చున్నాను, అంతే. ఈ పనిలో ఏళ్లు గడిచాక బాధ కూడా తన వంతు వచ్చేదాకా కూర్చోవడం నేర్చుకుంటుందేమో.

సార్ మాదాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఉండే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసేవారు. పాఠాలు చెప్పేవాళ్లు వేరే. వాళ్ల ఫోటోలు మెట్ల దగ్గర బ్యానర్ మీద ఉండేవి, సార్‌ది ఉండేది కాదు. విన్న పాఠాన్ని మేము చేత్తో చేసి చూస్తూ ఎక్కడో ఒకచోట ఆగిపోయేవాళ్లం కదా, ఆ చోట ఆయన ఉండేవారు.

నేను చేరేనాటికి నాకు ముప్పై నాలుగేళ్లు. ప్రొద్దుటూరు నుంచి పెళ్లయి వచ్చి, పిల్లలిద్దరూ బడికి వెళ్లేదాకా ఉద్యోగం మాట ఎత్తని మనిషిని. మా ఆయన పనిచేసే ప్లాట్ల కంపెనీ మూతపడేసరికి నేను బయలుదేరాల్సి వచ్చింది. చుట్టూ ఇరవై రెండేళ్ల పిల్లలు. వాళ్ల వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తేవి. నావి వెతుక్కునేవి.

ఒక పెద్ద కంప్యూటర్‌ను లోపల పది కంప్యూటర్లుగా పంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. ఆ లోపలివి వర్చువల్ మెషిన్లు. అవి తయారు చేయాలంటే ముందు మనం హైపర్‌వైజర్‌తో మాట్లాడగలగాలి. మొదటి రోజు నాతో అది మాట్లాడలేదు.

"సార్, కనెక్టు కాల్యా సార్," అన్నాను.

"ఏమంటున్నదమ్మా?"

"ఎర్రర్ వచ్చాంది సార్."

వెనక కూర్చున్న పిల్లలు నా యాసకు నవ్వారు. సార్ వాళ్ల వైపు చూడలేదు, నవ్వలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఎర్రర్ అని నువ్వంటున్నవ్. అది ఏమంటున్నదో సదువు. మొత్తం సదువు, పైకెల్లి కిందిదాంక."

చదివాను. కనెక్ట్ కాలేకపోయిందని, చివర్న అనుమతి లేదని ఉంది.

"ఇగ సూడు. మనం ఒకరింటికి పోయినం, తలుపు తీస్తలేరు. ఇంట్ల మనిషి లేడా? ఉండి తీస్తలేడా? లేకుంటే మనమే వేరే ఇంటి ముంగట నిలబడ్డమా? మూడిట్ల ఏదో అది చెప్తనే ఉన్నది. వినే ఓపిక మనకే లేదు."

నాది రెండో రకం. హైపర్‌వైజర్ లోపల నడుస్తూనే ఉంది, నా పేరును దాన్ని వాడుకోగల వాళ్ల జాబితాలో చేర్చలేదు. ఒక్క లైను కొట్టి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే తెరుచుకుంది. సంతోషంగా తల తిప్పేసరికి సార్ ఇంకొకరి పక్కన కూర్చుని ఉన్నారు.

'సూసుడు వేరే, సదువుడు వేరే' అనేవారు రోజూ. ఏదైనా మార్చే ముందు ఏం మారుస్తున్నామో కాగితం మీద రాయించేవారు. ఒకసారికి ఒక్కటే మార్చనిచ్చేవారు. ఎవరైనా "రీస్టార్ట్ చేస్తే వచ్చేసింది సార్" అని గంతులేస్తే ఆయన ముఖంలో ఏ సంతోషమూ కనపడేది కాదు. "వచ్చింది, మంచిదే. ఎందుకు పోయిందో తెలిసిందా? తెల్వకుంటే మల్ల పోతది," అనేవారు.

ఎండాకాలం ఏసీ పనిచేయకపోయినా నిండు చేతుల చొక్కాయే వేసుకునేవారు, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర కాగానే టిఫిన్ డబ్బా తానే కడుక్కుని, సంచీలో పెట్టుకుని వెళ్లిపోయేవారు. మర్నాడు భోజనం తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చునే కునుకు తీసేవారు. "జర కండ్లు మూస్త, పది నిమిషాలకు లేపుండ్రి," అనేవారు. ఎక్కడో రెండో ఉద్యోగం చేస్తున్నారని మేము తీర్మానించుకున్నాం. మా బ్యాచ్‌లో ఒకతను ఆ కునుకును అచ్చంగా అనుకరించి చూపిస్తే అందరూ పడి పడి నవ్వారు. నేను కూడా నవ్వాను.

కోర్సు అయ్యాక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. క్లినిక్‌లకు, ల్యాబ్‌లకు కంప్యూటర్లు చూసిపెట్టే పని. మూడో వారంలో ఒక శనివారం పొద్దున నన్ను ఒక్కదాన్నే కొండాపూర్ వైపు ఉన్న డయాలసిస్ సెంటర్‌కు పంపారు. గోడలకు రంగులు వేయడం కోసం సర్వర్‌ను ప్లగ్గు పీకి పక్కన పెట్టారట. రెండు రోజులు కాగితాల మీద నెట్టుకొచ్చారు. దాన్ని తిరిగి చోట్లో పెట్టి ఆన్ చేసి, లోపలి మెషిన్లు నడిపించి రావాలి. గంట పని అనుకున్నాను.

సర్వర్ ఆన్ అయింది. హైపర్‌వైజర్‌కు మాత్రం కనెక్ట్ కాలేదు. కేబుళ్లు మార్చాను. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించి, మొత్తం తుడిచేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయమన్నారు. మా మేనేజర్‌కు ఆ ముక్క చెప్పాను.

"మరింకేంటండీ ఆలోచన? తుడిచేసి కొత్తగా వేసేయండి. బ్యాకప్ ఉంది కదండీ మన దగ్గర. రెండింటికి పేషెంట్లు వచ్చేస్తారండీ," అన్నారాయన.

గుమ్మంలో నిలబడి వింటున్న నర్సు నెమ్మదిగా అంది, "మేడమ్, ఎవరికి ఎంత నీరు తీయాల్నో, ఎవరికి ఏ మందు పడదో అన్నీ గందులనే ఉన్నయ్. జర చూసి చేయుండ్రి."

పెన్‌డ్రైవ్ పెట్టాను. తుడిచేయనా అని తెర అడిగింది. నా వేలు ఎంటర్ మీద ఉంది. నొక్కకుండా తీసేశాను. పక్కకు తప్పుకుని సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, మొత్తం తుడిచేయమంటాండారు."

"నువ్వేమంటున్నవ్?"

"నాకేం తెలీడం లేదు సార్."

"తెల్వనప్పుడు తుడవొద్దు. యాడున్నవ్?"

సెంటర్ పేరు చెప్పాను. ఆ పేరును ఆయన ఒకసారి తిరిగి పలికారు.

"ఏం ముట్టకు. తుడుస్త లేనని మీ మేనేజర్‌కు నువ్వే చెప్పు. నేనొస్తున్న."

మేనేజర్‌కు మళ్లీ చేశాను. ఒక గంట టైం ఇవ్వండి సార్, ఇప్పుడే తుడవను అన్నాను. రెండింటికి నడవకపోతే సోమవారం నుంచి రావద్దన్నారు. సరే సార్ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఇంటి కిరాయి, పిల్లల బడి అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి.

అరగంటలో సార్ ఆటో దిగారు. లోపలికి వస్తుంటే నర్సు ఎదురుపడి ఆశ్చర్యంగా అడిగింది, "అరే సార్, ఇయ్యాల శనివారం గదా. మీ దినం కాదు."

"తెలుసు సిస్టర్. ఇయ్యాల వేరే పని మీద వచ్చిన," అన్నారాయన.

సోమ, బుధ, శుక్రవారాలు. సూదులు గుచ్చే చేతిని కప్పే నిండు చేతుల చొక్కా. మర్నాటి కునుకు. అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నేను నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

సార్ నాకు సిగ్గుపడే వ్యవధి ఇవ్వలేదు. "ఏమంటున్నది?" అన్నారు తెర ముందు కూర్చుంటూ.

"సర్టిఫికెట్ చెల్లదంటాంది సార్."

"ఎందుకు చెల్లదో కింద రాసుంటది. అది తెరిచినవా?"

తెరవలేదు. ఎర్రటి అక్షరాలు చూసి ఆగిపోయాను. తెరిచి చదివాను. ఈ సర్టిఫికెట్ చెల్లుబాటు కావడానికి ఇంకా సమయం రాలేదని ఉంది. సర్టిఫికెట్ అంటే సర్వర్ తానెవరో చూపించుకునే గుర్తింపు కార్డు లాంటిది. మూడేళ్లుగా వాడుతున్న దానికి ఇంకా సమయం రాకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

"ఆ సర్వర్‌ల టైం ఎంతున్నది?"

కీబోర్డు నేరుగా సర్వర్‌కే తగిలించి చూశాను. అది పదేళ్లు వెనక్కి పోయి ఉంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించే బిళ్ల బ్యాటరీ ఒకటి సర్వర్ లోపల ఉంటుంది. అది ఎప్పుడో అయిపోయింది. ప్లగ్గు పీకగానే తేదీ పోయింది. సర్వర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు.

"పాపం, దానికి ఇయ్యాల ఏ దినమో తెల్వది. తేదీ చెప్పు," అన్నారు.

తేదీ, టైం సరిచేసి మళ్లీ కనెక్ట్ చేశాను. తెరుచుకుంది. లోపలి మెషిన్లు ఒక్కొక్కటే లేచాయి. ఒంటిగంట ఇరవైకి నర్సు తన కంప్యూటర్‌లో మొదటి పేషెంటు పేరు కొట్టి, "వచ్చింది మేడమ్!" అని అక్కడి నుంచే అరిచింది. సోమవారం ఆఫీసులో మా బ్యాకప్‌ను తెరిచి చూస్తే అది తెరుచుకోలేదు. మేనేజర్ దాన్ని మూడుసార్లు ప్రయత్నించి, నన్ను ఏమీ అనకుండా టీ తెప్పించారు.

ఆ శనివారం సార్‌తో పాటు మెట్లు దిగాను. సగంలో ఆయన ఆయాసంతో రెయిలింగ్ పట్టుకుని ఆగారు.

"మాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్తే ఏమైతది? మీరంత నన్నే సూసుకుంట కూసుంటరు. పని సూడరు." ఇంకో మెట్టు దిగి అన్నారు, "అలసిపోయిన అమ్మా. పద్దెనిమిదేండ్లు కంపెనీల చేసిన, ప్రాజెక్టు అయిపోయిందని పంపిండ్రు. తర్వాత గీ జబ్బు. ల్యాబ్‌ల ఆ కంప్యూటర్ల ముంగట కూసున్నంత సేపే నాకు మనసు నిమ్మళం."

"ఇక్కడ మీ వివరాలు కూడా ఉన్నాయి కదా సార్. పోయుంటే..."

"నా ఒక్కనియి పోతే ఫికర్ లేకుండె. నా పక్క మంచం మీద ఒక పెద్దమనిషుంటడు. మాట పడిపోయింది. ఆయనకు ఏ మందు పడదో ఆయనే చెప్పుకోలేడు."

ఆటో ఎక్కించబోతే వద్దని, బస్సుకే వెళ్లారు.

తర్వాత నేను కంపెనీలు మారాను. నా కింద పదిమంది పనిచేస్తున్నారు. మొదట్లో ప్రతి నెలా సార్ దగ్గరికి వెళ్లేదాన్ని, తర్వాత పండగలకు ఫోన్, ఆ తర్వాత మెసేజ్. మూడు వారాల కింద ఒక మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశారు. నేను మీటింగ్‌లో ఉన్నాను. 'మళ్లీ చేస్తాను సార్' అని మెసేజ్ పెట్టాను. ఆయన 'సరే అమ్మా' అని పెట్టారు. నేను మళ్లీ చేయలేదు. పెద్ద కారణమేదీ లేదు. రోజూ సాయంత్రానికి ఇంకొకరితో ఒక్క మాట మాట్లాడే శక్తి కూడా మిగిలేది కాదు, అంతే.

సార్ పోయిన మూడో రోజు గోపన్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లాను. కొత్త అపార్టుమెంట్ల వెనక ఒక పాత డాబాలో రెండు గదుల పోర్షన్. సార్ భార్యను అంతకుముందు రెండుసార్లే చూశాను. నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్లింది.

"అక్కా, సార్ నాకు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు," అన్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియలేదు.

"నాకు ఎరికనే చెల్లె. నా ముంగటనే చేసిండు. బ్యాచ్‌ల ఒకామె ఉన్నదంట, నీ లెక్కనే, పిల్లలు జర పెద్దగైనంక నేర్సుకుందామని వచ్చింది. ఎవ్వలు ఉద్యోగానికి తీసుకుంట లేరంట. నీకు చెప్పి చూద్దామన్నడు. పనిల ఉన్నట్టుంది, తర్వాత చేస్తదిలే అన్నడు. నీ మీద కోపమేం లేకుండె."

ఆ కొత్తామె నంబరును అక్క సార్ ఫోన్‌లో వెతికి ఇచ్చింది. అక్కడే గుమ్మంలో నిలబడి ఆమెతో మాట్లాడాను. మా టీమ్‌లో ఒక ఖాళీ ఉంది. సోమవారం రమ్మన్నాను. సార్ పేరు చెప్పగానే ఆమె ఏడ్చింది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

లోపలికి వచ్చేసరికి అక్క వంటింటి తలుపు దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. తాగడం లేదు.

"తొమ్మిదేండ్ల సంది ఆయన ముంగట నీళ్లు తాగలె చెల్లె," అంది. "ఆయనకు దినానికి గిన్ని నీళ్లని కొలిచి ఇయ్యాలె. ఎక్కువైతే ఒళ్లు ఉబ్బుతది, ఊపిరాడక దమ్ము వస్తది. నేను తాగుతుంటే ఆయన సూపు చెంబు మీదికే పోయేది. అందుకే ఈ తలుపు దగ్గరికేసుకొని తాగుతుంటి."

తర్వాత ముందు గదిలోకి వచ్చింది. దండ వేసిన ఫోటోకు ఎదురుగా, నేల మీద కూర్చుంది. చెంబు ఎత్తి గుటకలు వినపడేలా తాగడం మొదలుపెట్టింది. సగంలో ఆగింది. కొంగుతో మూతి తుడుచుకుని ఫోటో వైపు చూసింది. మిగిలిన సగం నీళ్లతో ఆ చెంబును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని అలాగే కూర్చుంది.