దీనమ్మ చీపురు

కుప్పమ్మ బొరుగుల బుట్ట దించకముందే పుంగనూరు అంగడి వీధిలో, ఎస్టీడీ బూతు పక్కన గొడవ మొదలైంది. "మా వీధిలోకొచ్చి మతం అమ్ముకుంటాండావా?" అని చలపతి శెట్టి బైబిలు పట్టుకొచ్చిన దీనమ్మ మీద గుడ్లురిమాడు. ఆమె జంకలేదు. "అమ్మేదయితే తూకం రాళ్లు తెచ్చుకోనా అప్పా? నా దేవుని మాట రెండు ముక్కలు చెబతాండా. వద్దంటే పోతా. పోతా పోతా మీయమ్మ మంచం కింద ఊడ్చిపోనా?" అంది. ముసలామె మంచాన పడినప్పట్నుంచి కోడళ్లు ముక్కు మూసుకుని తప్పుకునే గది అది. శెట్టి పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

అదీ ఆమె పద్ధతి. ఏ రోగి దగ్గరకు పోయినా ముందు చీపురు పడుతుంది, పక్కబట్టలు ఉతుకుతుంది, చిక్కుపడ్డ తల దువ్వుతుంది. ఆ తర్వాతే కొంగు తలమీదికి లాక్కుని, "నీకోసం ప్రార్థన చేసేదామ్మా?" అని అడుగుతుంది. వద్దంటే చేతులు కడుక్కుని వచ్చేస్తుంది. ఇన్నేళ్లలో ఆమె వెంట చర్చి గడప తొక్కిన పురుగు లేదు. "నీ దేవునికి చెవుడేమో సూడే" అని కుప్పమ్మ దెప్పితే నవ్వి ఊరుకునేది. ఇప్పుడు దీనమ్మ ప్రార్థన చేసే ఆ గొంతులోనే గడ్డ లేచింది. మదనపల్లె డాక్టరు చేతులెత్తేశాడు. శెట్టి తల్లి కూడా నేడో రేపో అన్నట్టుంది. "ముసలామెకు వస్తానని మాటిచ్చినానక్కా, లేయలేకుండా ఉండా. నువ్వు పో" అంది దీనమ్మ, గాలి తప్ప గొంతు లేకుండా. "నేను గంగమ్మకు మొక్కేదాన్నే!" అని కుప్పమ్మ కసిరింది. "మొక్కుకో, ఎవురొద్దన్నారు? మంచం కింద ఊడ్చు. దీనమ్మ నీకోసం దేవున్ని అడగతానే ఉండాదని ఆమె చెవిలో చెప్పిరాక్కా."