పిలుపు జట్టు

తొంభైల చివర్లో నంద్యాలలో మా పీఈటీ సారు ఒక రగ్బీ జట్టు నడిపేవాడు. అందులో శాశ్వత ఆటగాళ్లు లేరు. ప్రతి ఆటకీ ఆళ్లగడ్డ, శిరివెళ్ల తిరిగి, పెళ్లికి పిలిచినట్టు ఇంటికొచ్చి పిలిచేవాడు. తీరా మేం ఆటకు పిలిచిన ఎదుటి జట్టుకు మనుషులు తక్కువైతే, మాలో బాగా ఆడేవాళ్లనే వాళ్లకిచ్చేసేవాడు. మేం ఓడిపోయేవాళ్లం. నన్ను మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు.

“ఏంది సార్, మనోళ్లతోనే మనల్ని తన్నిస్తాండారు!” అని ఒకసారి అరిచాను.

“పిలిచినోళ్లం మనమప్పా. ఇంటికొచ్చినోళ్లకు మిగిలింది పెడతామా?” అన్నాడు. ఎప్పుడడిగినా అదే మాట. ఒళ్లు మండేది.

మరుసటి ఏడాది మళ్లీ పిలిస్తే, ఈసారైనా గెలవాలని వెళ్లాను. ఎదుటి జట్టులో ఒకడు తక్కువ. సారు నా భుజం మీద చెయ్యేశాడు.

“నువ్వు ఆ తట్టు ఆడల్లప్పా.”

ఒళ్లు మండుతూనే, నవ్వు ఆపుకుంటూ ఆ తట్టుకు పరుగెత్తాను.