పొయ్యి దగ్గర అడగకూడని ప్రశ్న

ఎర్మీనియా ముఖం మీద ఇంతవరకు ఎవరూ తలుపు వేయలేదు. వహాకా కొండల్లో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే ఉద్యోగంలో అంతకంటే పెద్ద పేరు లేదు. పట్నం నుంచి వచ్చే కొత్త కుర్రాళ్ళు మెడలో కార్డు వేలాడేసుకుని గుమ్మంలోనే నిలబడి ప్రశ్నలు మొదలుపెడతారు. వాళ్ళని కుక్కలు తరుముతాయి. కుక్కలు లేని ఇళ్ళలో అయితే ఆడమనిషి "ఇంట్లో ఎవరూ లేరు" అని లోపలి నుంచే కేకేస్తుంది. ఎర్మీనియా పద్ధతి వేరు. ఆ కొండవాళ్ళ మిశ్తెకో భాషలోనే పలకరించి, పొయ్యి పక్కకి పీట లాక్కుని కూర్చుంటుంది. పెట్టింది తింటుంది. తిన్నాకే సంచిలోంచి ట్యాబ్ తీస్తుంది. అప్పటికి ఇంటివాళ్ళు కోడళ్ళ మీద చాడీలు చెప్పేదాకా వచ్చేసి ఉంటారు.

ఎవరింట్లోనూ ఏమీ తినకూడదని ఆఫీసు నియమం. ఆ నియమం రాసినవాడు ఎప్పుడూ కొండ ఎక్కి ఉండడు. ఇక్కడ పెట్టిన పళ్ళెం వద్దన్నారంటే మీ చేతి వంట మాకు పనికిరాదని మొహం మీద చెప్పినట్టే. ఆమెకి ఇది ఎవరూ నేర్పలేదు. పక్క కొండ మీది ఊళ్ళో, ఇలాంటి ఇంట్లోనే పుట్టింది. చుట్టం గుమ్మం తొక్కగానే అమ్మ కళ్ళతో ఒక్క సైగ చేసేది. పిల్లలందరూ "కడుపు నిండింది" అంటూ బయటికి పోయేవాళ్ళు. టీచరు చదువు సగంలో ఆపేసి ఈ ఉద్యోగంలో చేరినప్పుడు అక్క ఎగతాళి చేసింది: "పేదోళ్ళని లెక్కపెట్టడానికి జీతమా? మనింట్లోంచే మొదలుపెట్టు, నడక తప్పుతుంది."

దేశం బాగుపడిందా లేదా తేల్చడానికి పట్నంలో పెద్దలు కొన్ని గుర్తులు పెట్టుకున్నారు. ఇంటి నేల మట్టిదా సిమెంటుదా, నీళ్ళు పెరట్లోకి వస్తున్నాయా, పిల్లలు బడికి పోతున్నారా, జబ్బు చేస్తే చూసేవాళ్ళున్నారా, తిండి సరిపోతోందా. వీటిలో లేనిదాన్ని 'లేమి' అంటారు. ఇళ్ళలోని లేములు కలిపితే ఊరి సంగతి తెలుస్తుంది, ఊళ్ళవి కలిపితే దేశం సంగతి. ఎర్మీనియా ఈ పద్ధతిని నమ్మింది. కొలవకపోతే ఎవరూ పట్టించుకోరని, తన ఊరిని చిన్నప్పుడు ఎవరూ కొలవలేదు కాబట్టే అలా ఉండిపోయిందని ఆమె గట్టి నమ్మకం.

సాన్ బార్తోలో యుకునీ అనే ఊరికి వెళ్ళేసరికి అక్కడ లేములు దాదాపు చెరిగిపోయి ఉన్నాయి. ఎన్నికల ముందు ఇంటింటికీ సిమెంటు నేల పోశారు. పెరట్లో కొళాయిలు పెట్టారు. నీళ్ళు తమకి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి, అయినా కొళాయి ఉంటే ఉన్నట్టే. ఇక మిగిలింది తిండి ఒక్కటే. ఆ లేమి ఉంది కాబట్టే చర్చి పక్కన రేకుల షెడ్డులో ప్రభుత్వ వంటశాల నడుస్తోంది. మధ్యాహ్నం ఎవరైనా వెళ్ళి బల్ల మీద కూర్చుని తినొచ్చు.

ఆ ఊరి చివర ఫిదెన్సియా, ఆమె అన్న అమాన్సియో ఉంటారు. ఇద్దరికీ తాటాకు టోపీలు అల్లడమే పని. మాట్లాడుతున్నా, నడుస్తున్నా వేళ్ళు అల్లుతూనే ఉంటాయి.

"కూర్చో తల్లీ, కూర్చో. ఎండకి ముఖం మాడిన రొట్టెలా అయిపోయింది," అంది ఫిదెన్సియా.

"నాలుగు ప్రశ్నలు అడిగేసి పోతాను పిన్నీ."

"ప్రశ్నలు ఎక్కడికీ పారిపోవులే. ముందు నోట్లో ఏదన్నా పడనీ."

గుమ్మంలో కూర్చున్న అమాన్సియో నవ్వాడు. "గవర్నమెంటోళ్ళు కూడా తింటారా? గాలి పీల్చి బతుకుతారనుకున్నానే!"

"నేను గవర్నమెంటు గాడిదని బాబాయ్. కొండెక్కడమే నా పని."

"గాడిదకి జీతం ఉండదమ్మా. నీకుందిగా?"

ఎర్మీనియా పొయ్యి వైపు చూసింది. బూడిద చల్లగా ఉంది. వెదురు తడిక సందులోంచి, ఫిదెన్సియా దొడ్డిదారిన పక్కింటి క్లెయోఫా దగ్గరికి పోయి, ఒడిలో ఏదో దాచుకుని రావడం కనిపించింది. కాసేపట్లో పొయ్యి వెలిగింది. మట్టిపెనం మీద రొట్టె పొంగింది. పళ్ళెంలో నల్లచిక్కుళ్ళు, వాటి పక్కన ఒక గుడ్డు.

"మీరు తినరా?"

"మేం ఇప్పుడేగా తిన్నాం."

ఆమె తింది. రుచిగా ఉంది కూడా. తింటూనే నేల, నీళ్ళు, బడి అన్నీ అడిగేసి చివరిదానికి వచ్చింది.

"గత మూడు నెలల్లో డబ్బుల్లేకో, సరుకుల్లేకో, ఈ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఒక పూట తినకుండా ఉన్నారా?"

ఫిదెన్సియా పకపకా నవ్వింది. "ఏం అడుగుతున్నావే పిల్లా! నీ నోట్లో ఉన్నదేంటి మరి? మా ఇంట్లో ఎవరూ పస్తులుండరు. రాసుకో."

అమాన్సియో టోపీ మీంచి తలెత్తలేదు. ఎర్మీనియా నోట్లో ముద్ద మింగి 'లేదు' అని నొక్కింది.

వానలు వెలిశాక ఆఫీసులో కేకు కోశారు. గోడ మీది పటంలో ఎర్మీనియా తిరిగిన కొండలన్నీ లేతాకుపచ్చగా మారాయి. అక్కడ ఆకలి తగ్గిందని ఆ రంగుకి అర్థం. పై అధికారి ఎవెలియో కేకు ముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఇంజినీరింగు చదివాడు కాబట్టి ఆఫీసంతా అతన్ని ఇంజినీరు గారనే పిలుస్తుంది.

"నీ కొండలు బాగుపడ్డాయి ఎర్మీ! అందరికంటే నీ జవాబులే ఎక్కువ. ఒక్క ఇల్లు కూడా నిన్ను కాదనలేదు."

"యుకునీలో వంటశాల ఉందా ఇంజినీరు గారూ?"

"మార్చేశారుగా. అవసరం ఉన్న ఊరికి."

కేకు ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ లేతాకుపచ్చలో ఎన్ని పొయ్యిలున్నాయో, ఎన్నింటి పక్కన తను పీట వేసుకుని కూర్చుందో ఆమెకి ఒక్కసారిగా తట్టింది. అన్ని చోట్లా తినే అడిగింది. ఇన్నాళ్ళూ ఏ గుణానికైతే అందరూ మెచ్చుకున్నారో ఆ గుణమే ఆకలిని చెరిపేసింది.

కేకు తిన్నవాళ్ళు వెళ్ళిపోయాక అతని బల్ల దగ్గరికి పోయింది.

"ఆ లెక్క తప్పు ఇంజినీరు గారూ. తిండిది. నేను వాళ్ళింట్లో తినేశాక అడిగాను."

"తినకూడదని నియమం ఉందిగా?"

"నియమం పాటిస్తే మీకు ఒక్క జవాబూ వచ్చేది కాదు. గుడ్డు పెట్టిన మనిషి, నేను ఇంకా నములుతుండగానే, మా ఇంట్లో తిండి లేదని ఎలా చెబుతుంది?"

"ఆవిడ లేదంది. నువ్వు లేదని నొక్కావ్. అందులో తప్పేముంది?"

"ఆ ఇంట్లో ఆకలి ఉందని నాకు తెలుసు. ఆ రోజే తెలుసు."

ఎవెలియో కళ్ళజోడు తీసి పెట్టాడు. "నీకు తెలిసింది నొక్కితే అది కొలత కాదు ఎర్మీ, నీ జాలి. రేపు ఇంకొకడు తన బావమరిది ఊరి మీద జాలిపడతాడు. వాణ్ణి నేనేమని ఆపను?"

అతను చెప్పిందాంట్లో తప్పులేదు. ఆమెకి మండింది అందుకే.

"ఈ వారం దాకా అభ్యంతరాలు తీసుకుంటాం," అన్నాడతను కాస్త మెత్తబడి. "ఆ ఇంట్లో పెద్దవాళ్ళలో ఎవరైనా సరే, తమ నోటితో జవాబు మారిస్తే ఊరంతా మళ్ళీ అడిగిస్తాను. చెప్పాల్సింది వాళ్ళు. నువ్వు కాదు."

"మిగతా ఊళ్ళు?"

"ఎక్కడెక్కడ తిన్నావో చెప్పు, చూద్దాం."

ఏ ఊరని చెబుతుంది? తినని ఊరంటూ ఉంటే కదా.

యుకునీలో రేకుల షెడ్డుకి తాళం వేసి ఉంది. బల్లలు తిరగేసి ఉన్నాయి. ఎర్మీనియా అటు ఎక్కువసేపు చూడలేక గబగబా నడిచింది.

ఫిదెన్సియా గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా? లోపలికి రా!" అంటూ చల్లటి పొయ్యి దగ్గరికి పుల్లలు లాగింది.

"వద్దు పిన్నీ. ఇవాళ తినను. ముందు ఒకటి అడగాలి."

ఫిదెన్సియా చెయ్యి ఆగింది. "ఏం, క్రితంసారి నా వంట పడలేదా?"

"అయ్యో, అది కాదు. తిండి సంగతి మళ్ళీ అడగాలి. ఉన్నదున్నట్టు చెబితే వంటశాల తిరిగి రావచ్చు."

"ఉన్నదున్నట్టే చెప్పానుగా."

"ఆ గుడ్డు క్లెయోఫా దగ్గర తెచ్చావు పిన్నీ. నేను చూశాను."

ఆ మాట నోరు జారిన క్షణంలోనే తెలిసిపోయింది, అనకూడదని. ఫిదెన్సియా చేతిలో పుల్ల కింద పెట్టింది.

"చూసి కూడా తిన్నావా?"

"తిన్నాను."

"మరిప్పుడేంటి, కక్కుతావా? నా గడప తొక్కిన మనిషికి పెట్టాను. పెట్టిన చేత్తోనే మాకు లేదని చెప్పమంటావా? అప్పుడు నువ్వు తిన్నది నా తిండి ఎందుకవుతుంది, క్లెయోఫా వేసిన ముష్టి అవుతుంది. వంటశాల పోతే పోయింది. నేను పెట్టిన పళ్ళెం వెనక్కి లాక్కోను."

ఎర్మీనియా ట్యాబ్ తీసింది. బొటనవేలు 'అవును' మీదికి పోయింది. నొక్కినా అడిగేవాళ్ళు లేరు. బావమరిది గురించి ఎవెలియో అన్న మాట గుర్తొచ్చి వేలు వెనక్కి వచ్చింది.

"వెళ్తాను పిన్నీ."

"తినకుండానా?"

సంచి భుజాన వేసుకుని బయటపడింది. గోడ వార కూర్చుని అంతా వింటున్న అమాన్సియో వెనకాలే లేచాడు, సగం అల్లిన టోపీ చేతిలో ఉంది. "దారి చూపిస్తా పద," అన్నాడు. ఆ దారి ఆమెకి బాగానే తెలుసు. ఇల్లు కనబడనంత దూరం వచ్చి, కిత్తనార మొక్కల వెనక ఆగాడు.

"ఇప్పుడడుగు."

"ఏంటి బాబాయ్?"

"నీ ప్రశ్న. ఇక్కడ పొయ్యి లేదుగా. నేను నీకేమీ వడ్డించలేదు కూడా."

ఆమె తడబడుతూ చదివింది. ఈ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఒక పూట తినకుండా ఉన్నారా?

"ఉన్నాం," అన్నాడు. అక్కడికి సరిపోతుంది గానీ అతను ఆగలేదు. "మా చెల్లి తిన్నానని నాతో చెబుతుంది. నేను తిన్నానని దానితో చెబుతాను. అట్లా అబద్ధాలు చెప్పుకుంటూ టోపీలు అల్లుతాం. వంటశాలలో అయితే ఒకే బల్ల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. అక్కడ అబద్ధం చెల్లేది కాదు."

ఆమె 'అవును' నొక్కింది. కళ్ళు మసకబారి రెండోసారి చూసుకుంది, సరిగ్గా నొక్కానా లేదా అని.

"ఆ రోజే చెప్పి ఉండొచ్చుగా బాబాయ్?"

"నన్ను నువ్వు అడగలేదే. నువ్వు తింటున్నావు."

ఆమె ట్యాబ్ సంచిలో పెట్టేసింది. అతను అల్లుతూనే, "నేను చెప్పినట్టు దానికి తెలియకూడదు. మీవాళ్ళు చెబుతారా?" అన్నాడు.

"చెప్పరు. ఈసారి ఊరంతా అడుగుతారు, ఎవరేం చెప్పారో ఎవరికీ తెలీదు. బయటే అడగమంటాను, ఏమీ తినకముందే."

కింద నుంచి కేక వినిపించింది. "ఓ పిల్లా! కాఫీ చల్లారిపోతోంది! నా మీద అలిగితే అలుగు, తిండి మీద అలుగుతావేం?"

ఇల్లున్న వైపు నుంచి పొగ లేస్తోంది.

"పో తల్లీ," అన్నాడు అమాన్సియో. "నువ్వు పోకపోతే అది నన్ను బతకనివ్వదు."

ఎర్మీనియా వెనక్కి వెళ్ళింది, వెనకాలే అతనూ. అదే పీట, అదే పళ్ళెం. ఈసారి గుడ్డు లేదు. చిక్కుళ్ళు, కొండ మీద కోసుకొచ్చిన ఆకుకూర, ఒక రొట్టె. ఫిదెన్సియా ఎదురుగా కూర్చుని టోపీ అల్లుకుంటోంది. ముఖంలో కోపం పోయింది. మీరు తినరా అని ఎర్మీనియా అడగలేదు. అడగకపోయినా ఫిదెన్సియా చెప్పింది, "మేం ఇప్పుడేగా తిన్నాం."

ఎర్మీనియా తల వంచుకుని రొట్టె తుంచి తింది. ముక్క ముక్కకీ ఒక గుక్క కాఫీ తాగింది. ఆ రొట్టె అవగానే ఫిదెన్సియా గుడ్డలో చుట్టిన ఇంకో రొట్టె ముందుకు జరిపింది.

"చాలు పిన్నీ," అంది ఎర్మీనియా. పొద్దుట్నుంచి ఈ పీట మీద కూర్చునేదాకా ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "బస్సు దిగిన చోట కడుపునిండా తినొచ్చాను."

గుమ్మంలో కూర్చున్న అమాన్సియో టోపీ మీంచి తలెత్తి ఆమె వైపు చూశాడు.