పుచ్చుపన్ను సాక్ష్యం

ఆ రోజుల్లో పన్ను నొప్పి రావాలన్నా కాస్త కలిగిన ఇంట్లో పుట్టి ఉండాలి. పంతొమ్మిది వందల నలభైల చివర, చక్కెర కంట్రోల్లో ఉండి కార్డు మీదే దొరికే కాలమది. పెన్‌పహాడ్ నుంచి సూర్యాపేటకు వచ్చే కూలీలు జొన్నరొట్టె తిని, వేపపుల్ల నమిలి, ముసలితనంలోనూ ఎముకలు పటపటా కొరికేవాళ్లు. పళ్ల డాక్టరుతో వాళ్లకేం పని? దవడ వాచిందంటే ఏ దొరో, సావుకారో అయి ఉండాలి. లేదంటే నాలాగా కంట్రోలు దుకాణంలో చక్కెర తూచే గుమాస్తా అయినా అయి ఉండాలి. (బస్తా దులిపితే రాలే చక్కెర ఎవరిదీ కాదని, ఎవరిదీ కానిది నాదేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.)

తూకంలో చక్కెర తక్కువ వస్తోందని, మా దుకాణం తనిఖీ చేసే పేష్కార్ సాబుకు అనుమానం పుట్టింది. "దొంగను పట్టుడు ఎంతసేపు? శనివారం అందరి నోళ్లు సూస్త. ఎవని పన్ను పుచ్చితే వాడే దొంగ. నౌకరీ ఖతం!" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను దవడ తడుముకున్నాను. ఆనాటి నుంచి దుకాణంలో ఎవరూ నవ్వలేదు. హమాలీ ఆవలిస్తే నేను వాడి నోట్లోకి, నేను ఆవలిస్తే వాడు నా నోట్లోకి తొంగి చూసేవాళ్లం. అమ్మకూ అనుమానమే. "మనసొంటి పేదోళ్ల ఇంట్ల పన్నెట్ల పుచ్చుతది రా? ఏం తింటున్నవ్?" అంది. ఆ నౌకరీ మీదే మా ఇద్దరి పొట్టలూ నడుస్తున్నాయి. భయమేసింది. బుగ్గన లవంగం పెట్టుకుని, మాట రానట్టు నటించాను.

సూర్యాపేటలో పన్ను పీకించుకుంటే ఊరంతా తెలిసిపోతుంది. అందుకని శుక్రవారం, చుట్టం పోయాడని సెలవు పెట్టి (ఆ చుట్టం అంతకుముందే రెండుసార్లు పోయాడు) మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడ కోదాడ నుంచి వచ్చి స్థిరపడిన పళ్ల డాక్టరు ఒకాయన ఉన్నాడు. తలుపు తోసి లోపలికి వెళితే, కుర్చీలో పేష్కార్ సాబు! నోట్లో దూది, చొక్కా మీద నెత్తురు.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు దూదిలోంచే.

"మా అమ్మకు పన్ను నొస్తున్నది సాబ్."

"అమ్మ ఏది?"

"ఇంట్ల ఉన్నది సాబ్. మరి మీరు?"

"నేను... తనిఖీకొచ్చిన."

డాక్టరు పటకారులో ఉన్న పుచ్చుపన్నును టక్కున గిన్నెలో వేశాడు. "సూర్యాపేటలో చక్కెర బాగానే దొరుకుతున్నట్టుందే! రండి బాబూ, ఇక మీరు కూర్చోండి."

తిరుగు బస్సులో ఇద్దరం చెరో బుగ్గా పట్టుకుని, ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ కూర్చున్నాం. ఊరు దగ్గర పడ్డాక ఆయన మెల్లగా, "రేపు నోళ్లు సూసుడు వద్దు తియ్. ఎలుకలు తిన్నయని రాస్త" అన్నాడు. రెండో ఎలుకను కనుక నేను తలూపాను.

ఇప్పుడు చక్కెర ఎంత కావాలంటే అంత. నాకేమో అన్నీ కట్టుడు పళ్లు. అమ్మకైతే పోయేనాటికి కూడా ఒక్క పన్నూ కదల్లేదు. అన్ని బస్తాలు దులిపాను గాని, జీవితమంతా బెల్లం చాయ్ తాగిన అమ్మకు చిటికెడు చక్కెర తెచ్చి ఇవ్వాలని ఒక్కనాడూ తోచలేదు. రాత్రి పళ్లు తీసి గ్లాసులో వేసేటప్పుడు నవ్వొస్తుంది. ఆ బోసి నవ్వులోనే అమ్మ అడుగుతున్నట్టుంటుంది, "ఏం తింటున్నవ్ రా?" అని.