వయసు అడగని ఫోను

స్టేషనులో ఫిర్యాదులు రాసే హెడ్ కానిస్టేబుల్ని అందరూ రైటరుగారంటారు. తల్లి పెట్టిన పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఆ పేటవాళ్ళ కష్టాలన్నీ ఆయన కలం కిందుగానే నడిచాయి. ఎవరొచ్చినా ముందు కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, ఆ తరవాతే కాగితం తీసేవాడు. ఆ మర్యాద ఇప్పటికీ పోలేదు, ఓపికే అడుగంటింది. కూర్చుంటే నడుము, లేస్తే మోకాళ్ళు. ఫోను చప్పుడు ఇంటికెళ్ళినా చెవుల్ని వదిలేది కాదు. "ఇంకో ఎనిమిది నెలలు ఈడ్చేస్తే రిటైరై గట్టెక్కినట్టేనే" అనేవాడు భార్యతో. ఆవిడ నవ్వి, "ఈడ్చడానికి మీరేమన్నా ఎద్దా?" అనేది.

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకి గుమ్మంలో ఒకావిడ నిలబడింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, చీరకి దారప్పోగులు అంటుకున్నాయి. బట్టలు కుట్టే మనిషని వేరే చెప్పక్కర్లేదు.

"పొద్దున తొమ్మిదింటికి ఫోను చేశానండీ, మా చిన్నోడు కనబడట్లేదని. ఏమైనా తెలిసిందాండీ?"

ఫోను తీసింది రైటరే. అప్పుడు ఎదురుగా ఇద్దరు గోడ తగవు మీద గొంతులు చించుకుంటున్నారు. చిన్నోడు, నీలం చొక్కా అన్నంతవరకూ వినబడింది. 'బాలుడు, నీలం చొక్కా' అని రాసుకుని చుట్టుపక్కల నాలుగు స్టేషన్లకీ చెప్పాడు. పిల్లలెవరూ దొరకలేదన్నారు. తన వంతు చేశాననుకుని గోడ తగవులో పడ్డాడు.

"కూర్చోమ్మా. పిల్లాడి ఫొటో తెచ్చావా?"

ఆవిడ సంచిలోంచి తీసి ఇచ్చింది. బట్టతల, నెరిసిన మీసం, మొహం నిండా నవ్వు.

"ఇదేంటమ్మా, చిన్నోడన్నావు?"

"చిన్నోడేనండీ. మా అన్నయ్య. నలభై రెండు నిండాయి. అమ్మ అలా పిలిచేది, మాకూ అదే అలవాటైంది. మనిషి ఎదిగాడు గానీ బుద్ధి ఐదేళ్ళ దగ్గరే ఆగిపోయింది."

పక్క బల్ల దగ్గర కానిస్టేబులు ఫక్కున నవ్వాడు. "నలభై రెండేళ్ళ చిన్నోడా! షికారుకెళ్ళుంటాడక్కా. ఆకలేస్తే అతనే వస్తాడు. రేపటిదాకా చూద్దాం."

"నవ్వండి బాబూ. ఆయనా నవ్వుతాడు. తిట్టినా నవ్వుతాడు, దారి తప్పినా నవ్వుతాడు. చూసినవాళ్ళు ఇతనికేం కష్టం లేదనుకుంటారు. అదే నా భయం." ఆవిడ రైటరు వైపు తిరిగింది. "మూర్ఛ ఉందండీ. పొద్దున మాత్ర వేసుకోకుండానే గడప దాటాడు. ఒక్క పూట తప్పినా ఎక్కడ పడితే అక్కడ పడిపోతాడు."

రైటరు ఫోను అందుకున్నాడు. రెండు స్టేషన్లవాళ్ళు లేడన్నారు. మూడో చోట అక్కడి రైటరు విసుక్కున్నాడు.

"పొద్దున్నే చెప్పాం కదండీ, పిల్లలెవరూ లేరని."

"పిల్లాడు కాదు. పెద్దవాడు. నీలం చొక్కా, బట్టతల."

"అతనా! బస్టాండు దగ్గర తిరుగుతుంటే తొమ్మిదికి ముందే తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాం. పేరడిగితే నవ్వు, ఊరడిగితే నవ్వు. ఇతని కోసం ఎవరూ అడగలేదు. ఒంటిగంటకి పంపించేశాం."

తను పొద్దున చేసిన ఫోను అవతల మోగేసరికే ఆ మనిషి ఆ బెంచీ మీద ఉన్నాడు. ఎన్నేళ్ళు అన్న ఒక్క మాట తన నోట రాలేదు.

"పద తల్లీ," అని రైటరు మోటారుసైకిలు తాళం తీశాడు. కానిస్టేబులు కూడా లేచి, ఫొటో అన్ని స్టేషన్లకీ పంపే పనిలో పడ్డాడు. ఈసారి నవ్వలేదు.

బస్టాండు వెనక సందుల్లో గంటసేపు తిరిగారు. ఎండకి నెత్తి మాడుతోంది, రైటరు నడుము విరిగిపోతోంది. "ఏం చూస్తే ఆగుతాడమ్మా?" అనడిగాడు.

"చూస్తే కాదండీ, వింటే. కుట్టు మిషను చప్పుడు వినబడితే కదలడు. రోజంతా నా మిషను పక్కనే కూర్చుంటాడు."

అప్పటినించీ ఇద్దరూ కళ్ళతో కాదు, చెవులతో వెతికారు. మూడో సందులో బండ్ల సీట్లకి కవర్లు కుట్టే కొట్టు ఒకటి. లోపల ముసలాయన మిషను తొక్కుతున్నాడు, సూది కింద గుడ్డ లేదు. పక్కన నేలమీద తల కింద మడిచిన దుప్పటితో చిన్నోడు పడుకుని ఉన్నాడు. నుదురు చిట్లింది, ముందుపన్ను విరిగింది.

"ఇందాక గుమ్మంలో పడి కొట్టుకున్నాడండీ," అన్నాడు ముసలాయన, తొక్కడం ఆపకుండానే. "పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మిషను ఆపితే లేచి వెళ్ళిపోతున్నాడు. అందుకని ఊరికే తొక్కుతున్నా. బస్టాండు స్టేషనుకి ఫోను చేస్తే ఎవరో తీసి, నే చెప్పేది వినకుండానే 'అతనికేం లేదు, ఇందాకే పంపించాం' అని పెట్టేశారు."

దేవుడు ఆ పూట ఆ ముసలి కాళ్ళలో ఉన్నాడనిపించింది రైటరుకి. తన చెవుల్లో మాత్రం లేడు.

చెల్లెలు కూలబడి అన్న తల ఒళ్ళో పెట్టుకుంది. "ఏరా చిన్నోడా, పన్ను ఎక్కడ పారేశావురా?" అంటే, వాడు విరిగిన పన్నుతోనే నవ్వాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టించి, మాత్ర వేయించి బయటికి తెచ్చేసరికి ఐదయింది. ఆటో ఎక్కబోతూ ఆవిడ చేతులు జోడించింది. "మీరు రాకపోతే ఏమయ్యేవాడో. మీ మేలు మరిచిపోనండీ."

ఆ దండం పుచ్చుకుని ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. ఎనిమిది నెలలు ఎంతలో గడుస్తాయి.

"అమ్మా, పొద్దున ఫోను తీసింది నేనే. వయసు అడగలేదు. అడిగుంటే మీ అన్నయ్య దొరికేవాడు, అప్పటికి బస్టాండు దగ్గరి స్టేషనులో బెంచీ మీదే ఉన్నాడు. ఇదంతా స్టేషను డైరీలో రాస్తాను. నీకు కావాలంటే నకలు ఇస్తాను, పైవాళ్ళకి చెప్పుకోవచ్చు."

ఆవిడ చేతులు మెల్లగా దిగాయి. అన్న నుదుటి మీద కట్టు సరిచేసింది. తిట్టినా బాగుండేదనిపించింది రైటరుకి.

"రాయండి," అంది చివరికి. "నకలు కోసం రేపు వస్తాను."

ఆటో కదిలింది. రైటరు నడుము పట్టుకుని బండెక్కి, స్టేషనుకి వెళ్ళాడు.