మిగిలిన బిళ్ల

మా సర్వర్ ఎక్కడ ఇరుక్కుంటోందో మూడు రోజులుగా అంతుపట్టలేదు. కొత్తగూడెంలో మా ఇంటి వరండాలో కూర్చుని, పర్ఫ్ అనే టూల్‌తో పట్టిన కెర్నెల్ ట్రేస్‌లో, అంటే సర్వర్ లోపలి పనుల చిట్టాలో, ప్రతి పని మొదలునూ ముగింపునూ జత కలిపే స్క్రిప్ట్ రాశాను. జత కుదిరిన వాటి జాబితాలో తప్పేమీ కనపడలేదు. బొగ్గుబాయి ల్యాంపు రూంలో పనిచేసి రిటైరైన నాన్నకు చెప్పుకుని వాపోయాను.

“జత దొరకనియి ఏం చేసినవ్ బిడ్డా?” అన్నాడు.

“చెత్త కదా నాయినా, తీసేసిన,” అన్నాను విసుగ్గా.

ఆయన ముఖం మాడిపోయింది. “బాయిల దిగేటోడు తన నంబరు బిళ్ల మాకిచ్చి లైటు తీస్కపోతడు, పైకొచ్చినంక లైటిచ్చి బిళ్ల తీస్కుంటడు. షిఫ్ట్ అయిపోయినంక బోర్డు మీద మిగిలిన బిళ్లనే మేం ముందుగాల చూస్తుంటిమి.”

తీసేసినవన్నీ వెనక్కి తెచ్చి స్క్రిప్ట్ మళ్లీ నడిపాను. మొదలై ముగియని పని మొదటి వరుసలోనే ఉంది. దొరికిందని చెబుదామని తలెత్తాను. నాన్న గోడకేసి చూస్తున్నాడు. ఎవరి బిళ్ల గుర్తొచ్చిందో అడగకుండా, ల్యాప్‌టాప్ మూసి ఆయన పక్కన కూర్చున్నాను.